గ్యాస్ పట్టించే ముందు క్లచ్ ప్లేటు చూడండి: పాత కారు ఏసీ సమస్యలు

లక్ష కిలోమీటర్లు దాటిన కారులో చల్లదనం తగ్గగానే అందరి నోటా ఒకటే మాట: గ్యాస్ అయిపోయినట్టుంది, పట్టిద్దాం. గ్యాస్ పెట్రోలు లాగా ఖర్చయ్యే సరుకు కాదు. షాఫ్ట్ సీలు, రబ్బరు పైపుల నుంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పోవచ్చు. ఏటా ఏప్రిల్లో పట్టించాల్సి వస్తోందంటే మాత్రం ఎక్కడో లీకుంది, లేదా అసలు జబ్బు గ్యాస్‌ది కానే కాదు.

ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ ఆన్ చేసి, బానెట్ ఎత్తి కంప్రెసర్ (ఏసీ గ్యాస్‌ని ఒత్తి తిప్పే పంపు) ముఖం చూడండి. బెల్టు తిప్పే పుల్లీ ఏసీ ఆఫ్‌లో ఉన్నా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని చూసి 'కంప్రెసర్ తిరుగుతోంది' అనుకునేవాళ్లే ఎక్కువ. చూడాల్సింది పుల్లీ ముందు, మధ్యలో ఉండే ప్లేటుని, అదే ఏసీ క్లచ్ ప్లేటు. అది 'టక్' మని అతుక్కుని పుల్లీతో పాటు తిరిగితేనే కంప్రెసర్ పనిచేస్తున్నట్టు.

రోడ్డెక్కితే చల్లగా, సిగ్నల్ దగ్గర వేడిగా

కండెన్సర్‌కి, అంటే రేడియేటర్ ముందుండి గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీకి, గాలి చాలడం లేదు. ఏసీ ఆన్ చేసినప్పుడు దాని ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. తిరగకపోతే ఫ్యూజు, రిలే (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్), ఆపైన మోటారు చూడాలి. పాత మోటార్లలో బ్రష్‌లు అరిగిపోయి, ఒక్కోసారి తట్టితే తిరుగుతాయి. అలా తిరిగిందంటే మార్చే రోజు వచ్చినట్టే. ఫ్యాన్ బాగుంటే కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య టార్చి వేసి చూడండి. ముందు నుంచి శుభ్రంగా కనిపించినా ఆ సందులో దుమ్ము, పొట్టు, పురుగులు మెత్తలా పేరుకుని ఉంటాయి. ఇంజిన్ చల్లారాక మామూలు పైపు నీళ్లతో, ఇంజిన్ వైపు నుంచి బయటికి కొట్టి కడగండి. ప్రెషర్ వాషర్ దగ్గర పెట్టి కొడితే రెక్కలు వంగిపోతాయి.

గాలే సరిగా రావడం లేదు

క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. కొన్ని పాత మోడళ్లలో కంపెనీ ఫిల్టరే ఇవ్వలేదు, ఆ దుమ్మంతా నేరుగా డ్యాష్‌బోర్డు లోపల గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ మీదే ఉంటుంది. బ్లోయర్ ఆఖరి స్పీడులో మాత్రమే పనిచేస్తే దాని స్పీడు తగ్గించే రెసిస్టర్ పోయింది. కాళ్ల దగ్గర మ్యాట్ తడుస్తుంటే నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయింది, కింది నుంచి సన్నటి తీగతో పొడవండి.

అరగంట బ్రహ్మాండం, తర్వాత వేడి గాలి

ఎక్కువ డబ్బు వృథా చేయించే జబ్బు ఇదే. పొద్దున ఆఫీసుకు వెళ్లేటప్పుడు బాగుంటుంది. మధ్యాహ్నం ట్రాఫిక్‌లో అరగంట కాగానే వేడి గాలి. కారు ఆపి నీడన పెట్టి, గంటాగి తీస్తే మళ్లీ చల్లన. షాపుకి తీసుకెళ్లేసరికి బాగానే పనిచేస్తుంది, 'గ్యాస్ కొంచెం తక్కువుంది' అని పట్టిస్తారు. వేడి మీద తీసుకెళ్తే 'కంప్రెసర్ పోయింది' అంటారు. చాలాసార్లు రెండూ తప్పే. పుల్లీకీ ప్లేటుకీ మధ్య సందు పెరిగిపోయి ఉంటుంది.

ఎందుకలా? ప్లేటు అతుక్కున్న ప్రతిసారీ క్షణకాలం జారి, రెండు ముఖాలూ కాస్త అరుగుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ సందు పెరుగుతుంది. ప్లేటుని అయస్కాంతంలా లాగేది పుల్లీ వెనక రాగి తీగ చుట్టిన క్లచ్ కాయిల్ (కూలింగ్ కాయిల్ వేరు). రాగి వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది. చల్లగా 3.5 ఓములున్న కాయిల్ 100 డిగ్రీల దగ్గర 4.6 ఓముల దాకా వెళ్తుంది. 13 వోల్టులకు లెక్కేస్తే కరెంటు 3.7 ఆంపియర్ల నుంచి 2.8కి దిగుతుంది. లాగే బలం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి దాదాపు నలభై శాతం బలం పోయినట్టే. సందు సరిగ్గా ఉంటే మిగిలిన బలం సరిపోతుంది, పెరిగితే సరిపోదు. ఇంకో మెలిక ఏంటంటే, ఒకసారి అతుక్కున్న ప్లేటు వేడిలోనూ వదలదు, ఎందుకంటే అప్పుడు మధ్యలో సందే ఉండదు. కూలింగ్ కాయిల్ తగినంత చల్లబడి, దాని చల్లదనం కొలిచే థర్మిస్టర్ కంప్రెసర్‌ని ఆపాక, తిరిగి అతుక్కోవాల్సినప్పుడే మొరాయిస్తుంది.

పరీక్ష జబ్బు బయటపడ్డప్పుడే చేయాలి, చల్లారాక చేస్తే ఏమీ దొరకదు. వేడి గాలి మొదలవగానే ముందు గాలి జోరు గమనించండి. జోరు తగ్గి ఉంటే కూలింగ్ కాయిల్ మీద మంచు కట్టింది, థర్మిస్టర్ చూసుకోవాలి. జోరు అలాగే ఉండి చల్లదనం మాత్రమే పోతే బానెట్ ఎత్తండి. ఏసీ ఆన్‌లో ప్లేటు నిలబడిపోయి ఉంటే క్లచ్ కాయిల్ కనెక్టర్ దగ్గర వోల్టేజి కొలవాలి. మీటరు తీగలు ఇంజిన్ ఆపి తగిలించి, బెల్టుకి దూరంగా కట్టి, తర్వాత స్టార్ట్ చేయండి. 12.5 దాటి వస్తున్నా ప్లేటు కదలడం లేదంటే లోపం క్లచ్‌లోనే. 11 కన్నా తక్కువొస్తే లోపం రిలే కాంటాక్టుల్లోనో, ఎర్త్ తీగలోనో. రిలేకైతే అదే నంబరున్న ఇంకో రిలే మార్చి చూడండి. అసలు రాకపోతే ఈ భాగం వదిలేసి కింద 'ప్లేటు ఎప్పుడూ అతుక్కోదు' అన్నది చదవండి.

ఇప్పుడు ఖాయం చేసుకోవడం. ఇంజిన్ ఆపండి, తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. వేడి చల్లారకముందే కనెక్టర్ ఊడదీసి, కంప్రెసర్ వైపు పిన్నుకి బ్యాటరీ పాజిటివ్ నుంచి 10 ఆంపియర్ల ఫ్యూజున్న తీగతో కరెంటు ఇవ్వండి. రెండు పిన్నులుంటే రెండోది నెగటివ్‌కి. 'టక్' వినపడకపోతే ప్లేటుని స్క్రూడ్రైవర్ పిడితో పుల్లీ వైపు నెట్టండి. నెట్టగానే అతుక్కుని, తీగ తీసేదాకా వదలకపోతే సందేహమే లేదు, సందు పెరిగింది. నెట్టినా నిలవకపోతే కాయిల్ ఓములు కొలవండి. మీటరు ఏమీ చూపించకపోతే కాయిల్ తెగింది. కొన్నిటిలో కాయిల్ లోపలే థర్మల్ ఫ్యూజు ఉంటుంది, అది కాలినా ఇదే ఫలితం.

ఇంజిన్ చల్లారాక ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకుల కట్ట) ప్లేటు చుట్టూ మూడు చోట్ల సందు కొలవండి. చాలా కంప్రెసర్లకి 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, మీ మోడల్ మాన్యువల్లో అంకె ఉంటే అదే పాటించండి. మొరాయించే వాటిలో 0.8, ఒక్కోసారి 1 మిల్లీమీటరు కూడా కనిపిస్తుంది.

సరిచేయడానికి గ్యాస్ తీయనక్కర్లేదు, పైపులు విప్పనక్కర్లేదు. చిన్న కార్లలో కంప్రెసర్ కిందికి ఉంటుంది కాబట్టి ఆ వైపు చక్రం, లోపలి ప్లాస్టిక్ లైనర్ తీస్తే చెయ్యి పడుతుంది. కారు జాకీ మీదే వదిలేయకండి, స్టాండు పెట్టండి. ప్లేటు తిరగకుండా పట్టుకుని మధ్య బోల్టు విప్పితే ప్లేటు బయటికొస్తుంది. పట్టేసి ఉంటే చుట్టూ స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తకండి, ప్లేటు వంగుతుంది. చాలా వాటిలో హబ్ (ప్లేటు నడిమి భాగం) మధ్య రంధ్రానికి మరలుంటాయి. సరిపోయే పెద్ద బోల్టు ఎక్కిస్తే అదే బయటికి నెడుతుంది.

షాఫ్ట్ కొసనో, హబ్ లోపల తుప్పులో అంటుకునో చిన్న వాషర్లు ఉంటాయి, అవే షిమ్ములు. కింద పడితే దొరకవు, గుడ్డ పరచుకోండి. ఒక్కోదాన్నీ వెర్నియర్‌తో కొలవండి. సందు 0.9 ఉండి, 0.5 షిమ్ము తీస్తే 0.4 మిగులుతుంది, అది చాలు. 0.3 కన్నా తగ్గించకండి. తగ్గిస్తే ఏసీ ఆఫ్‌లో కూడా ప్లేటు రాసుకుని కమురు వాసన వస్తుంది, బేరింగ్ కూడా పోతుంది. ముఖాల మీది తుప్పుని ఎమరీ కాగితంతో రుద్దండి, నూనె చుక్క కూడా తగలనివ్వకండి. బోల్టు చిన్నది, బలమంతా పెట్టి బిగిస్తే తెగుతుంది.

తీయడానికి షిమ్ములే లేకపోతే ప్లేటు పూర్తిగా అరిగినట్టు. క్లచ్ సెట్ విడిగా దొరుకుతుంది, దానికోసం కంప్రెసర్ మొత్తం కొననక్కర్లేదు. బిగించాక మధ్యాహ్నం ఎండలో అరగంట నడిపి, ఏసీ బటన్ పదిసార్లు, మధ్యమధ్యలో కాసేపు ఆగుతూ, ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. పదిసార్లూ టక్కుమంటే పని అయినట్టే.

ప్లేటు ఎప్పుడూ అతుక్కోదు, లేదా అతుక్కున్నా చల్లబడదు

ఫ్యూజు, రిలే బాగుంటే అప్పుడు గ్యాస్ గురించి ఆలోచించండి. గ్యాస్ బాగా తగ్గితే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని వేయనివ్వదు. ఇంజిన్ ఆపి ఉంచినప్పుడు 35 డిగ్రీల ఎండలో ఆర్134ఎ (పాత కార్ల ఏసీ గ్యాస్) గేజ్ సుమారు 114 పీఎస్ఐ ప్రెషర్ చూపాలి. దానికన్నా బాగా తక్కువుంటే లీకు ఖాయం. 114 చూపినంత మాత్రాన నిండుగా ఉన్నట్టు కాదు, లోపల కాస్త ద్రవం మిగిలినా అంతే చూపుతుంది. జాయింట్ల దగ్గర, కండెన్సర్ అడుగున, క్లచ్ వెనకాల నూనె మరక వెతకండి. గ్యాస్‌తో పాటు నూనె కూడా బయటికొస్తుంది కాబట్టి దుమ్ము అక్కడే అంటుకుని నల్లగా కనిపిస్తుంది.

ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్ వదిలే వాల్వ్) పట్టేయడం, హీటర్ వాల్వ్ సరిగా మూసుకోకపోవడం లాంటివి ఉన్నాయి గానీ అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.

గ్యాస్ పట్టించక తప్పకపోతే లీకు మూయించాకే షాపులో మూడు అడగండి: అరగంట వ్యాక్యూమ్ (పైపుల్లోని గాలి, తేమ లాగేయడం), పోయిన నూనెకి బదులు నూనె, తూకం వేసి గ్యాస్. ఎన్ని గ్రాములో బానెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. గేజ్ ముల్లు చూసి 'ఇంకొంచెం పడుతుంది' అంటే ఆపమనండి, ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది.