బాబ్‌క్యాట్‌కు తగిలించిన బ్రష్ కట్టర్ మొరాయిస్తే

హైదరాబాద్‌లో స్కిడ్ స్టీర్ లోడర్ (ముందు బకెట్ ఉండే చిన్న లోడర్ బండి) అని అడిగితే చాలామందికి అర్థం కాదు. ఏ కంపెనీదైనా అది బాబ్‌క్యాటే. దాని బకెట్ తీసి బ్రష్ కట్టర్, అంటే తిరిగే బ్లేడ్లతో పొదలు నరికే పరికరం తగిలిస్తే, అవుటర్ రింగ్ రోడ్డు చుట్టూ ఏళ్లుగా వదిలేసిన వెంచర్లలో పెరిగిన సర్కారు తుమ్మ, సుబాబుల్, లాంటానా పొదలను చకచకా నేలమట్టం చేస్తుంది. అది ఆగిన రోజే గొడవ. "మోటార్ పోయినట్టుంది సార్" అంటాడు ఆపరేటర్. ఆయన అనేది లోడర్ ఆయిల్ ప్రెషర్‌తో బ్లేడును తిప్పే మోటార్ గురించి. నేను మాత్రం దాని జోలికి అన్నిటికన్నా చివర్లో వెళ్తాను. విప్పి చూశాక శుభ్రంగా ఉన్న మోటార్లను చాలానే చూశాను.

ఏది చూడాలన్నా ముందు కట్టర్‌ను నేలకు దించి, ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకోండి. స్విచ్ కట్టేశాక కూడా బ్లేడ్లు వాటి బరువుకు కాసేపు తిరుగుతూనే ఉంటాయి. డెక్ (బ్లేడ్లను పైనుంచి కప్పే ఇనుప తొడుగు) కింద చూడాలంటే గట్టి స్టాండ్లు పెట్టాలి. లిఫ్ట్ ఆర్మ్‌ను నమ్మి తల దూర్చొద్దు.

బ్లేడు అసలు తిరగడం లేదు

ముందు కప్లర్లు, అంటే కట్టర్ హోస్ పైపులను లోడర్‌కు కలిపే జాయింట్లు చూడండి. మే నెలలో కట్టర్‌ను ఎండలో పడేస్తే హోస్ పైపుల్లో మిగిలిన ఆయిల్ వేడికి వ్యాకోచించి ప్రెషర్ కడుతుంది. ఇక కప్లర్ ఎంత నొక్కినా లోపలికి పోదు. హెల్పర్ సుత్తి తీసుకుంటాడు. అక్కడే అసలు నష్టం జరుగుతుంది. ముఖం సొట్టపోయిన కప్లర్ ఆ తర్వాత సగమే కూర్చుంటుంది, లోపలి వాల్వ్ పూర్తిగా తెరుచుకోదు. అప్పుడు బ్లేడు తిరగదు, తిరిగినా నీరసంగా తిరుగుతుంది, ఆయిల్ కాలిపోతుంది. కాబట్టి కట్టర్‌ను నీడలోకి లాగి చల్లబడనివ్వండి. లోడర్ వైపు ప్రెషర్‌ను మాన్యువల్‌లో చెప్పినట్టు వదిలేయండి. అప్పుడు కప్లర్ చేత్తోనే ఎక్కుతుంది. ఎక్కించే ముందు రెండు ముఖాలూ గుడ్డతో తుడవడం మరవొద్దు.

కప్లర్లు బాగుంటే సీట్ బార్ (ఆపరేటర్ ముందుకు దించే సేఫ్టీ కడ్డీ) సరిగ్గా దిగిందో లేదో, ఫ్యూజు, వైరింగ్ సాకెట్‌లో మట్టి చూడండి. చాలాసార్లు ఇక్కడే దొరికిపోతుంది.

తిరుగుతోంది, కొమ్మ తగలగానే ఆగిపోతోంది

ఆయిల్ ఫ్లో చాలడం లేదన్నమాట. మామూలు ఫ్లో లోడర్లు సాధారణంగా నిమిషానికి 60 నుంచి 90 లీటర్లు ఇస్తాయి. హై ఫ్లో మిషన్లు 100 దాటి ఇస్తాయి. కట్టర్ మీదున్న ప్లేటులో దానికి ఎంత కావాలో రాసి ఉంటుంది. హై ఫ్లో కట్టర్‌ను మామూలు లోడర్‌కు తగిలిస్తే పొదను కోయదు, పీకుతుంది. తిరగేసి, చిన్న కట్టర్‌కు ఎక్కువ ఫ్లో ఇస్తే బ్లేడు ఉండాల్సిన వేగం దాటి తిరుగుతుంది. అది ఇంకా ప్రమాదం.

రెండూ సరిపోయాయనుకుంటే తప్పు నడపడంలో ఉంటుంది. డీజిల్ మిగులుతుందని సగం ఎక్స్‌లేటర్‌లో కోస్తే పంపు కూడా సగం ఆయిలే ఇస్తుంది. ఫుల్ ఎక్స్‌లేటర్ ఇచ్చి, బండిని మాత్రం నడక వేగంలో పోనివ్వండి. కీచుమని శబ్దం వస్తే, ప్రెషర్ మితిమీరితే వదిలేసే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంటోందని అర్థం. వెంటనే వెనక్కి తీయండి, అలాగే నెట్టొద్దు.

కట్టర్ ఊగిపోతోంది, క్యాబిన్ దడదడలాడుతోంది

అక్కడికక్కడే ఆపండి. ఒక బ్లేడు విరిగి ఉండొచ్చు, లేదా బోల్టు చుట్టూ తిరగకుండా బిగుసుకుపోయి ఉండొచ్చు. ఈ బ్లేడ్లు వేలాడేవి. మొద్దుకో రాయికో తగిలితే వెనక్కి మడుచుకోవాలి. చేత్తో ఊపి చూడండి, అన్నీ ఒకేలా కదలాలి. మార్చేటప్పుడు సెట్టు మొత్తం మార్చండి. లాక్ నట్లు కూడా కొత్తవే వేసి, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు బిగించండి.

విరిగిన బ్లేడును రోడ్డు పక్క వెల్డింగ్ షాపులో అతికించే అలవాటు ఒకటుంది. దయచేసి వద్దు. వేడికి స్టీలు గట్టిదనం పోతుంది, అతుకు దగ్గర మళ్లీ పగిలి ఆ ముక్క తూటాలా ఎగురుతుంది. సానబెట్టడంలోనూ అంతే. నీలం రంగు తేలేదాకా గ్రైండర్ ఆనించొద్దు. కత్తిలా పదును కూడా వద్దు, అంచు రూపాయి బిళ్ల మందాన ఉంటే చాలు. మన దగ్గర గడ్డి కింద గ్రానైట్ గుండ్లు దాగి ఉంటాయి. పలుచటి అంచు మొదటి గుండుకే ఊడిపోతుంది. అందుకే కోయకముందు ప్లాటంతా ఒకసారి నడవండి. రాయి 90 మీటర్లు కూడా ఎగరొచ్చు. పక్కన సర్వీస్ రోడ్డు ఉంటే అటువైపు మనిషిని పెట్టుకోండి.

షాఫ్ట్ దగ్గర ఆయిల్ కారుతోంది

శంషాబాద్ వైపు ఒక వెంచర్‌లో మా కట్టర్ ఇలాగే కారింది. షాఫ్ట్ చుట్టూ ఆయిల్‌ను ఆపే రబ్బరు సీలు మార్చాం, రెండో రోజు మళ్లీ అదే. డెక్ ఎత్తి స్టాండ్ల మీద పెట్టి చూస్తే, పాత కంచె తీగ షాఫ్ట్ చుట్టూ దారపు ఉండలా బిగుసుకుని ఉంది. పైన మట్టి కప్పేయడంతో ఇనుములో ఇనుములా కలిసిపోయింది. కటింగ్ ప్లయర్‌తో ఒక్కో చుట్టూ తెంపేసరికి గంట పట్టింది. లోపలి చుట్టు సీలు పెదవిని కోసేసింది. తీగ తీయకుండా సీలు మారిస్తే లాభమేముంది?

రెండో కారణం కేస్ డ్రెయిన్, అంటే మోటార్ లోపల ఊరిన ఆయిల్‌ను వెనక్కి పంపే పైపు. చాలా కట్టర్లకు రెండు పెద్ద హోస్‌లతో పాటు సన్నది ఇంకొకటి ఉంటుంది. అది తగిలించకుండా నడిపితే మోటార్ లోపల ప్రెషర్ పెరిగి సీలు బయటికి తన్నేస్తుంది. దీనికి నిమిషాలు చాలు. "ఈ చిన్న పైపు ఎందుకన్నా" అని చుట్టి పక్కన కట్టేసిన కట్టర్లను నేనే చూశాను.

హోస్ మీద సన్నగా ఆయిల్ చిమ్ముతుంటే చేత్తో తడమొద్దు, అట్టముక్క పెట్టి చూడండి. ఆ ప్రెషర్‌కు ఆయిల్ చర్మంలోకి దూరుతుంది. దూరితే గాయం చిన్నగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కొత్త హోస్ కావాలంటే పాతది విప్పి సికింద్రాబాద్ రాణిగంజ్ మార్కెట్‌కు తీసుకెళ్లండి, ప్రెషర్ రేటింగ్ చూపించి అదే కొలతకు కట్టించుకోండి.

ఇంజిన్, ఆయిల్ వేడెక్కిపోతున్నాయి

ఎండుగడ్డి పొట్టు రేడియేటర్‌ను మూసేస్తుంది. గాలి వచ్చే దిశకు ఎదురుగా బ్లోయర్‌తో ఊదండి, వేసవిలో రోజుకు రెండుసార్లయినా. సైలెన్సర్ పక్కన, డెక్ మీద పేరుకున్న పొట్టునూ అప్పుడే దులపండి, నిప్పంటుకునేది అక్కడే. గేర్ బాక్స్ ఉన్న కట్టరైతే ఆయిల్ మట్టం చూసి, తగ్గితే మాన్యువల్ చెప్పిన గ్రేడే పోయండి.