రొయ్యల గుంట లెక్కతో మొదలుపెట్టండి: బడిలో కంప్యూటర్ మొదటి వారం

మా బడి నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో. మైపాడు రోడ్డెక్కితే రెండు పక్కలా రొయ్యల గుంటలే. తొమ్మిదో తరగతికి లెక్కలతో పాటు కంప్యూటర్ కూడా నేనే చెప్తాను. మొదట్లో మౌస్ ఎలా పట్టుకోవాలి, ఫైల్ ఎలా సేవ్ చేయాలి అంటూ నెలంతా చెప్పాను. సెలవులు అయ్యేసరికి పిల్లలు అంతా మర్చిపోయారు. దానితో వాళ్ళకు పనేం పడలేదు మరి. అందుకే ఇప్పుడు ముందు పని చూపిస్తాను, తర్వాతే మెషీన్.

మొదటి రోజు కంప్యూటర్ ఆన్ చేయొద్దు. గుంటలున్న ఇళ్ళ పిల్లల్ని నీటి రీడింగుల పుస్తకం తెమ్మనండి. ఇవ్వడం ఇష్టంలేని ఇళ్ళూ ఉంటాయి, బలవంతం చేయకండి. పొద్దున 5 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు ఆక్సిజన్ ఎంతుందో రాసినవి దొరికితే చాలు. 15 రోజుల అంకెలు బోర్డు మీద వేసి, "ఏ పూట తక్కువ?" అని అడగండి.

రెండో రోజు అవే అంకెలు ఎక్సెల్‌లోకి. సిస్టమ్‌కి ముగ్గురు: ఒకరు చదవాలి, ఒకరు టైప్ చేయాలి, ఒకరు సరిచూడాలి. పది నిమిషాలకోసారి మార్చండి. మార్చకపోతే మా దగ్గర కీబోర్డు మగపిల్లల చేతిలోనే ఉండిపోయేది.

మూడో రోజు గ్రాఫ్. ఇక్కడ తొందరపడొద్దు. మా క్లాసులో ఒక గీత ఉన్నట్టుండి పైకి లేచింది. నేను చెప్పబోయి ఆగాను. కాసేపు చూసి ఒక పాప, "మేడం, మా గుంటలో 42 ఎక్కడొస్తుంది? 4.2 అయ్యుంటుంది," అంది. మధ్యలో చుక్క వదిలేశారు. కంప్యూటర్ చూపించింది కదా అని నమ్మేయకుండా, తనకు తెలిసిన నీళ్ళతో సరిచూసుకుంది. నేను పిల్లలకు కంప్యూటర్ నేర్పేది ఇందుకే.

తప్పు దిద్దాక చూస్తే పొద్దుటి గీత రోజూ కిందే ఉంది. పగలు ఎండకు నీటిలోని ప్లాంక్టన్ (నీళ్ళలో తేలే, కంటికి ఆనని సన్నటి నాచు) ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి తయారీ ఉండదు. రొయ్యలు, ప్లాంక్టన్, అడుగు మట్టిలోని బ్యాక్టీరియా అన్నీ వాడుకోవడమే. అందుకే తెల్లవారుజామున బాగా పడిపోతుంది. నాన్న రాత్రిపూట లేచి ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే మెషీన్లు) ఎందుకు చూసొస్తాడో వాళ్ళకు అప్పుడర్థమైంది. కిరణజన్య సంయోగక్రియ పాఠం ఆ గ్రాఫ్ దగ్గరే చెప్పేయొచ్చు.

గుంటల్లేని పిల్లలకు ఇంటి కరెంటు బిల్లులు పనికొస్తాయి. కరెంటు పోతే గ్రాఫ్ పేపరు ఉండనే ఉంది.

వారం చివర ప్రింటు తీసి ఇంటికి పంపండి. అది చూసి ఇంట్లోవాళ్ళు ఏం అడిగారో రాసుకు రమ్మనండి. రెండో వారం పాఠం ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టండి.