డెల్టా పంచాయతీ ప్రణాళికలో తుఫానుకు చోటు పెట్టడం ఎలా?

తుఫాను కోసం విడిగా రాసిన ప్రణాళిక బీరువాలోనే ఉండిపోతుంది. గ్రామసభ ఏటా ఆమోదించే పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో, ఒక్కో పని ఎస్టిమేట్‌లో అది కలిసిపోవాలి.

ముందు ఊరి పెద్దలను వెంటబెట్టుకుని వీధులు తిరగండి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను కళ్లారా చూసినవాళ్లు ఆ వైపు ఇంకా ఉన్నారు. నీరు నిలిచిన ఎత్తున బడి గోడ మీద, కరెంటు స్తంభం మీద రంగు గీత గీయండి. తాపీమేస్త్రీ మట్టం చూసే నీటి గొట్టంతో ఆ గీతను పక్క గోడలకు ఎక్కించవచ్చు, కానీ ఆ పేట వరకే. పారే వరదకు వాలు ఉంటుంది కాబట్టి ఒకే గీతను ఊరంతా లాగితే లెక్క తప్పుతుంది.

ఇక రోడ్డు. చాలా ఊళ్లు దెబ్బతినేది ఇక్కడే. పాత సిమెంటు రోడ్డు మీదే కొత్తది పోస్తూ పోతే కొన్నేళ్లకు అది ఇంటి అరుగు కంటే పైకి లేచి, గట్టులా వాననీటిని ఇళ్లలోకి తోస్తుంది. పాత పొర తవ్వితీసే ఖర్చును ఎస్టిమేట్‌లో రాయించండి. నీరు అడ్డంగా దాటే ప్రతిచోటా తూము అడగండి. 300 మిల్లీమీటర్ల పైపు మూసుకుపోవడానికి గుర్రపుడెక్క మోపు ఒకటి చాలు. 600 మిల్లీమీటర్లదైతే నీరు పోయే జాగా నాలుగు రెట్లు. మురుగు కాలువల పూడిక, సాగు కాలువలు కట్టేసిన వేసవిలోనే తీయాలి. తీసిన మట్టిని అంచున వదిలితే మొదటి వానకే మళ్లీ లోపలికి దిగుతుంది.

చేతిపంపు దిమ్మె, మోటారు స్టార్టరు బోర్డు రంగు గీతకు అర మీటరు పైన ఉండాలి. ఈ పనిని తాగునీటి పద్దులోనే పెట్టండి.

బడిని షెల్టరుగా రాసేముందు కొలవండి. రోజుల తరబడి ఉండాలంటే మనిషికి 3.5 చదరపు మీటర్లు కావాలి. 6 మీటర్లకు 8 మీటర్ల గదిలో పట్టేది 13 మందే.

వరద తర్వాత బావి నీటిని శుద్ధి చేసే ఖర్చూ పద్దులో ఉండాలి. ముందు నీరెంతో లెక్కకట్టండి: బావి వ్యాసాన్ని దానితోనే హెచ్చించి, నీటి లోతుతో, ఆపై 785తో హెచ్చిస్తే (కొలతలు మీటర్లలో) లీటర్లు వస్తాయి. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల బ్లీచింగ్ పౌడరు. బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటనే బావిలో దించండి. గంట తర్వాత లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. బురద నీటిలో అంత మిగలదు, అప్పుడు మళ్లీ వేయాలి. తేమకు పౌడరు బలం పోతుంది కాబట్టి, కిందటేటి సంచిని నమ్ముకోకుండా ప్రతి సెప్టెంబరులో కొత్తది కొనేలా పద్దు రాయించండి.