డ్రైవింగ్ స్కూల్లో బాగా నడిచిన చేతికి సొంత కారు ఎందుకు లొంగదు?

నేను నలభై ఏళ్ళు దాటాక హైదరాబాదులో కారు నేర్చుకున్నాను. స్కూలు బండిలో చివరి పది రోజులు ఇంజను ఒక్కసారి కూడా ఆగలేదు. సొంత కారు తీసిన మొదటి ఉదయం మాత్రం మా అపార్టుమెంటు సెల్లారు ర్యాంపు మీద వరుసగా ఐదు సార్లు ఆగిపోయింది, ఆరోసారి వెనక్కి జారుతుంటే వాచ్‌మన్ పరుగున వచ్చి చక్రం కింద ఇటుక పెట్టాడు. నేర్చుకున్నదంతా ఒక్క రాత్రిలో ఎక్కడికి పోయిందని చాలా రోజులు మథనపడ్డాను. అసలు సంగతి ఏమిటంటే అది ఎక్కడికీ పోలేదు, అందులో సగం నాకు రానేలేదు. స్కూలు బండిలో శిక్షకుడి వైపు కూడా క్లచ్, బ్రేక్ పెడళ్ళు ఉంటాయి, కాబట్టి నేను నడుపుతున్నానని అనుకున్న చాలా చోట్ల నడిపింది ఆయన కాలు. గేర్ల కారు నేర్చుకునేవారికి తర్వాత ఎదురయ్యే ఇబ్బందులను ఈ కోణంలో చూస్తే చాలావాటికి కారణం సులువుగా దొరుకుతుంది.

కదిలేలోపే ఇంజను ఆగిపోతుంటే

ఇంజనును చక్రాలతో కలపడానికి, విడదీయడానికి ఉన్న ఏర్పాటు క్లచ్. పెడల్ పూర్తిగా తొక్కితే రెండూ విడిపోతాయి, పూర్తిగా వదిలితే కలిసిపోతాయి. ఆగి ఉన్న కారులో ఇంజను నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతుంటే చక్రం అసలు తిరగదు. ఈ రెంటినీ ఒక్కసారిగా కలిపితే బండి బరువును లాగలేక ఇంజను ఆగిపోతుంది. క్లచ్ లోపలి ప్లేట్లు ఒకదానితో ఒకటి రాసుకుంటూ, కొంత జారుతూ, చక్రాన్ని మెల్లగా కదిలించే ఆ మధ్య స్థానాన్నే అందరూ హాఫ్ క్లచ్ అంటారు. కొత్తవారి కాలు ఆ చోటును దాటి ఒక్క ఉదుటున పైకి వచ్చేస్తుంది. స్కూలు బండిలో అదే తప్పు జరిగినప్పుడు శిక్షకుడు తన పెడల్ మీద కాలు ఆనించి సర్దేస్తాడు, మనకు తెలియను కూడా తెలియదు. మీ కాలి కింద పెడల్ ఉన్నట్టుండి తేలికైనట్టు అనిపిస్తే ఆయన తొక్కుతున్నాడని అర్థం. శిక్షణ ఇంకా పూర్తికాని వారు ఒక రోజు ఆయనను పాదాలు రెండూ వెనక్కి తీసుకుని కూర్చోమని అడగడం మంచిది, ఎందుకంటే మీకు నిజంగా ఎంత వచ్చిందో ఆ రోజే తెలుస్తుంది.

దీనికి మందు చదునైన ఖాళీ స్థలంలో, రేస్ అసలు ఇవ్వకుండా, క్లచ్ ఒక్కదానితోనే బండిని కదిలించడం. మొదటి గేరు వేసి, మడమ నేలకు ఆనించి, పెడల్‌ను వెంట్రుకవాసి చొప్పున వదులుతూ రండి. ఒక చోట ఇంజను శబ్దం బరువెక్కుతుంది, స్టీరింగులో చిన్న వణుకు తెలుస్తుంది. కాలును అక్కడే ఆపి, బండి తన పొడవంత దూరం దొర్లేదాకా ఆగి, ఆ తర్వాతే మిగతాది వదలాలి. ఇలా ఇరవై, ముప్ఫై సార్లు కదిలించి ఆపితే ఆ చోటు కాలికి గుర్తుండిపోతుంది. మందపాటి అట్టల బూట్లు వేసుకుంటే ఆ వణుకు పాదానికి తెలియదు, వదులు చెప్పులు పెడల్ కింద ఇరుక్కుంటాయి, కనుక పల్చని అట్ట ఉన్న బూట్లు మేలు.

స్కూల్లో నిజంగానే కుదిరి, సొంత కారులో మాత్రమే కుదరకపోతే తప్పు పూర్తిగా మీది కాదు. ఎందరో నేర్చుకునేవారి కాళ్ళ కింద నలిగిన బండిలో క్లచ్ ప్లేట్ అరిగి, పెడల్ దాదాపు పైకి వచ్చాక గాని పట్టకపోవచ్చు. కొత్త కారులో అది ఇంకా కిందే పట్టుకుంటుంది. డీజిల్ బండి మీద నేర్చుకుని పెట్రోల్ బండికి మారినా ఇదే తంటా, ఎందుకంటే డీజిల్ ఇంజను తక్కువ చుట్ల దగ్గర కూడా గట్టిగా లాగుతుంది గనుక కాలి తొందరపాటును కొంత ఓర్చుకుంటుంది.

ర్యాంపు మీద, ఫ్లైఓవర్ ఎక్కేచోట వెనక్కి జారుతుంటే

కుడికాలు బ్రేక్ వదిలి యాక్సిలరేటర్ మీదికి వెళ్ళే ఆ ఒకటి రెండు క్షణాల్లో బండిని పట్టి ఉంచేది ఏదీ లేకపోవడమే దీనికి కారణం. స్కూలు బండిలో ఆ ఖాళీని శిక్షకుడి బ్రేక్ పూడ్చింది. సొంత బండిలో ఆ పని హ్యాండ్‌బ్రేక్‌కు అప్పగించాలి. హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంచి మొదటి గేరు వేయండి, కొద్దిగా రేస్ ఇస్తూ హాఫ్ క్లచ్ దాకా రండి. బండి ముందుకు పోవాలని తహతహలాడుతున్నట్టుగా ముందుభాగం కాస్త పైకి లేస్తుంది. అది కనిపించిన తర్వాతే హ్యాండ్‌బ్రేక్‌ను దించాలి, దించుతూ మరికొంచెం రేస్ ఇవ్వాలి. ముందుభాగం లేవకముందే కంగారులో దించేయడం అందరూ చేసే తప్పు. హిల్ హోల్డ్ ఉన్న కార్లు బ్రేక్ వదిలాక కూడా రెండు క్షణాల పాటు బండిని పట్టి ఉంచుతాయి, కానీ ఆ సౌకర్యం లేని బండి ఎప్పుడో ఒకప్పుడు చేతికి రాకమానదు.

సెల్లారు ర్యాంపు విషయంలో ఇంకొక మాట చెప్పాలి. పైనుంచి బండి రావడం లేదని చూసుకుని కిందినుంచే మొదటి గేరులో ఆగకుండా ఎక్కేయగలిగితే ఈ సర్కసు అవసరమే పడదు. సగంలో ఆగి, ఎదుటి బండి తప్పుకునేదాకా హాఫ్ క్లచ్ మీదే నిలబెట్టడం మాత్రం చేయకూడదు. అలా చేస్తే మాడు వాసన వస్తుంది, అది క్లచ్ ప్లేట్ కాలుతున్న వాసన. ఇంజను గోల పెరుగుతున్నా వేగం పెరగకపోతే ప్లేట్ అప్పటికే అరిగిందని గ్రహించి మెకానిక్‌కు చూపించాలి.

కారు ఎడమవైపుకో, డివైడర్ వైపుకో లాగుతున్నట్టుంటే

చక్రాల అలైన్‌మెంటును అనుమానించే ముందు మీరు ఎక్కడ చూస్తున్నారో గమనించుకోండి. బానెట్ అంచు మీదే చూపు నిలిపిన వారికి బండి కాస్త పక్కకు జరిగినా చాలా జరిగినట్టు కనిపిస్తుంది, దాన్ని దిద్దబోయి స్టీరింగును అవసరానికి మించి తిప్పుతారు, మళ్ళీ అటువైపు దిద్దుతారు. చూపును వంద మీటర్ల అవతలికి పంపితే చేతులు వాటంతట అవే కుదుటపడతాయి. రెండో కారణం కూర్చునే చోటు. మన కార్లలో కుడివైపు కూర్చుంటాం కాబట్టి, మనం లేన్ నడిమధ్యన ఉండాలని చూస్తే బండి సగం ఎడమకు పోతుంది. ఎడమ పక్క ఆగిన ఆటోకు రాసుకుంటుందేమోనని భయపడ్డవారు అందుకు విరుగుడుగా డివైడర్‌ను అంటిపెట్టుకుంటారు.

స్కూలు బండిలో రెండో స్టీరింగు ఉండదు, అందువల్ల శిక్షకుడు చేయి చాచి మీ స్టీరింగునే పట్టుకుని సర్దుతాడు. ఎడమ టైరు ఎక్కడుందో మీకు తెలియాల్సిన అవసరం రాలేదు. అది తెలుసుకోవడానికి ఖాళీ స్థలంలో సుద్దతో పొడుగాటి గీత గీసి, ఎడమ టైరు దాని మీదనే దొర్లేలా నడపండి. పక్కన నడిచే మనిషి చెబుతుంటే, ఆ గీత మీ ముందరి అద్దంలో ఏ చోట కనిపిస్తోందో గుర్తుపెట్టుకోండి. అరగంటలో అబ్బే విద్య ఇది.

బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కుతుంటే

సీటు మరీ వెనకగా ఉండి మడమ గాలిలో తేలుతున్నప్పుడు ఈ ప్రమాదం జరుగుతుంది. క్లచ్‌ను పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండేటంత ముందుకు సీటును జరుపుకోండి. కుడి మడమను బ్రేక్‌కు ఎదురుగా నేలపై నిలిపి, పాదాన్ని మాత్రమే యాక్సిలరేటర్ వైపు తిప్పండి. రేస్ అవసరం లేని ప్రతి క్షణం పాదం బ్రేక్ మీదికి తిరిగి రావాలి. డ్రైవర్ కాళ్ళ దగ్గర నీళ్ళ సీసా దొర్లుతూ ఉండకూడదు.

టెస్ట్ ట్రాక్ మీద రివర్స్ చెడిపోతుంటే

హెచ్ ఆకారపు ట్రాక్‌ను చాలామంది బట్టీ పడతారు. వెనక అద్దంలో ఫలానా స్తంభం కనిపించగానే స్టీరింగు పూర్తిగా తిప్పమని నేర్పిస్తారు. ఆ గుర్తు ఆ బండికి, ఆ సీటు ఎత్తుకు, ఆ అద్దం వాలుకు మాత్రమే పనిచేస్తుంది. పరీక్ష రోజు వేరే బండి వస్తే లెక్క మొత్తం తప్పుతుంది. గుర్తుకు బదులు సూత్రం తెలియాలి. వెనక్కి పోయేటప్పుడు స్టీరింగు ఎటు తిప్పితే బండి వెనకభాగం అటు పోతుంది, ముందుభాగం దానికి ఎదురుదిక్కుకు విసురుగా తిరుగుతుంది. మిగిలినదంతా వేగం గురించే. నడిచే మనిషి కన్నా నెమ్మదిగా, హాఫ్ క్లచ్ మీద, రెండు పక్క అద్దాలనూ మార్చి మార్చి చూస్తూ పోతే తప్పును దిద్దుకునే వ్యవధి ఉంటుంది.

ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవారికి ఇచ్చే తాత్కాలిక లైసెన్సు, వచ్చిన 30 రోజుల తర్వాతే పరీక్షకు వెళ్ళవచ్చు, అది చెల్లేది ఆరు నెలలు. పరీక్ష తప్పితే ఏడు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళవచ్చు, మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. అందుచేత గడువు చివరి వారంలో మొదటి ప్రయత్నం పెట్టుకోకూడదు.

లైసెన్సు వచ్చినా ట్రాఫిక్‌లో చేతులు ఆడకపోతే

ఇది ధైర్యానికి సంబంధించినదని అందరూ అంటారు, నేను మాత్రం ముందుగా గంటలు లెక్కపెట్టమంటాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారు శిక్షణ కనీసం 21 రోజులు సాగాలి, అందులో స్వయంగా నడిపింది కనీసం పది గంటలు ఉండాలి. రోజుకు ఇరవై నిమిషాల చొప్పున 21 రోజులు నడిపితే వచ్చేది ఏడు గంటలే. ఒకే బండిలో ముగ్గురిని ఎక్కించుకుని వంతుల వారీగా ఇస్తే, మీరు వెనక సీట్లో కూర్చున్న సమయం కూడా గంటగానే చెల్లిపోతుంది. ఎవరు ఎన్ని గంటలు నడిపారో స్కూలు 15వ నంబరు ఫారంలో రాసి ఉంచాలి, దాన్ని చూపించమని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. ఇక ఆ గంటలన్నీ పొద్దున్నే ఆరింటికి, ఒకే కాలనీ రోడ్డులో గడిచి ఉంటే, సాయంత్రం ఆరింటి సిగ్నల్ దగ్గర చేతులు ఆడకపోవడంలో వింత లేదు.

దీన్ని మెట్లుమెట్లుగా దిద్దుకోవాలి. తెలిసిన దారిలోనే వారం వారం సమయాన్ని గంట చొప్పున రద్దీ వైపు జరపండి. నెమ్మదిగా పాకే ట్రాఫిక్‌లో రెండో గేరు వేసుకుని, ముందు బండికి కాస్త ఎడం వదిలితే క్లచ్ పని సగం తగ్గుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోతే క్లచ్, బ్రేక్ రెండూ తొక్కి, నాలుగు ఇండికేటర్లూ వేసి, ఆ తర్వాత స్టార్ట్ చేయండి. వెనకవాళ్ళ హారన్లు ఈ వరుసను మార్చకూడదు.

ఇంట్లోవారు పక్కన కూర్చుంటే తడబడుతుంటే

సొంత బండిలో పక్కవారికి పెడళ్ళు లేవు, అందువల్ల వారి భయమంతా నోటి మాటగా వస్తుంది, అదీ ఆలస్యంగా వస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క క్షణానికి 11 మీటర్లు పోతుంది, "అయ్యో, ఆటో!" అనే లోపు ఆ దూరం గడిచిపోతుంది. బయలుదేరే ముందే మాటలు ఖాయం చేసుకోండి. "ఆపు" అంటే వెంటనే ఆపడం, "నెమ్మది" అంటే యాక్సిలరేటర్ మీదినుంచి కాలు తీయడం, అంతకు మించిన వ్యాఖ్యానం బండి దిగాకే. ఎల్ బోర్డు ఉన్నంతకాలం పక్కన కూర్చునేవారికి లైసెన్సు ఉండి తీరాలి, బండిని ఆపగలిగేలా వారు కూర్చోవాలి. చేతి మీట హ్యాండ్‌బ్రేక్ ఉన్న కారులో వారి కుడిచేయి దాని దగ్గరే ఉండాలి. మా ఇంట్లో ఈ ఒప్పందం కుదరడానికి రెండు ఆదివారాలు పట్టింది, మూడో ఆదివారం మా ఆవిడ ఫోను చూసుకుంటూ కూర్చుంది, నేను ర్యాంపు ఎక్కేశాను.