ఎన్నూరు క్రీక్‌లో బురద తోడే ముందు: పక్షుల్నీ చేపల్నీ గమనించేవారికి జాగ్రత్తలు

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వరదతోపాటు మణలి పారిశ్రామికవాడ వైపు నుంచి చమురు బకింగ్‌హామ్ కాలువ మీదుగా చెన్నైకి ఉత్తరాన ఉన్న ఎన్నూరు క్రీక్ అనే సముద్రపు పాయలోకి వచ్చింది. మడచెట్ల వేర్లకూ, పడవలకూ, గూడబాతుల ఈకలకూ అంటుకుంది. థర్మల్ కేంద్రం పైపుల నుంచి కారిన బూడిద అడుగున అంతకుముందే మేటవేసింది. ఇలాంటి చోట బురద తోడే యంత్రం దిగితే, అడుగున అణిగిన విషం మళ్లీ నీళ్లలో కలుస్తుంది. బకింగ్‌హామ్ కాలువే ఉత్తరాన పులికాట్ సరస్సుకు పోతుంది కనుక తడ, సూళ్లూరుపేట వాళ్లకూ ఈ జాగ్రత్తలు పనికొస్తాయి.

పక్షుల లెక్క, తోడే పని మొదలయ్యాక కాదు, ముందే మొదలుకావాలి. కనీసం ఒక అమావాస్య నుంచి పౌర్ణమి దాకా లెక్కిస్తే పెద్ద పోట్లూ చిన్న పోట్లూ రెండూ వస్తాయి. నాలుగైదు చోట్లు ఖాయం చేసుకుని, ఎప్పుడూ అక్కడి నుంచే చూడండి. పాటు వేళ, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, బురద మేటల మీద మేసే పిట్టలు పోటు వేళ మరోచోట గుమిగూడతాయి. ఒకరోజు పాటులో, ఇంకోరోజు పోటులో లెక్కపెట్టి పక్షులు తగ్గాయంటే ఆ మాటకు విలువ లేదు. పని జరగని మరోచోటును కూడా జతగా చూడాలి. రెండుచోట్లా తగ్గితే కారణం యంత్రం కాకపోవచ్చు.

నీటిలో ఆక్సిజన్ తెల్లవారకముందు అతి తక్కువగా ఉంటుంది. మధ్యాహ్నం కొలిచి బాగుందనుకుంటే మోసపోతాం. పైనా, అడుగునా, తోడేచోటుకు ఎగువనా దిగువనా కొలవండి. పోటుకు నీటి దారి తిరగబడుతుంది కాబట్టి ఏది దిగువో ప్రతిసారీ చూసుకోవాలి. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చేపలకు ఇబ్బంది మొదలవుతుంది, 2 కంటే తగ్గితే చాలా రకాలు చచ్చిపోతాయి. ఆక్సిజన్ మీటరులో లవణీయత (నీటి ఉప్పదనం) సెట్టింగును సున్నా దగ్గరే వదిలేస్తే ఉప్పునీటిలో ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, ఇది తరచూ జరిగే పొరపాటు. సెన్సారుకు చమురు పొర అంటినా అంకె తప్పుతుంది. ప్రతిసారీ తుడిచి, గాలిలో 100 శాతం చూపిస్తోందో లేదో సరిచూడండి.

నల్లబురద కదిలితే కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, కనుక వాసన పోయిందని ధైర్యపడకండి. 10 పీపీఎం (గాలిలో పదిలక్షల భాగాలకు 10 భాగాలు) దగ్గర మోగే గ్యాస్ అలారం ముక్కుకు దగ్గరగా, ఛాతీ మీద ఉండాలి. అది మోగగానే గాలికి అడ్డంగా నడిచి బయటపడి, గాలి వచ్చే వైపుకు చేరండి. చమురు ఆవిరిని బట్ట మాస్కు, దుమ్ము మాస్కు ఆపవు. ఆ ఆవిరిని పట్టి ఉంచే డబ్బీ, అంటే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి, ఉన్న మాస్కు కావాలి. రబ్బరు పాలతో చేసిన గ్లవ్స్ చమురుకు పాడవుతాయి, నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరువి వాడండి. ఒంటికంటిన జిడ్డును కిరోసిన్‌తో కడగొద్దు, వంటనూనెతో తుడిచి సబ్బుతో కడగండి. బురదలోకి ఒంటరిగా దిగొద్దు.

చమురంటిన పక్షి కనిపిస్తే వెంటపడకండి. తరిమితే నీళ్లలోకి పోయి చలికి చస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం పట్టడానికి అటవీశాఖ అనుమతి కావాలి. ఫోన్ నంబర్లు ముందే రాసుకోండి. వాళ్లు పట్టమంటే తువ్వాలు కప్పి, కళ్లద్దాలు పెట్టుకుని పట్టండి, కొంగజాతి ముక్కు నేరుగా కంటికే వస్తుంది. గూడబాతు, నీటికాకి ముక్కులను బిగించి కట్టకూడదు. వాటి ముక్కురంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి, నోటితోనే ఊపిరి తీస్తాయి. ముక్కు మధ్య వేలు సందు ఉంచండి. నోట్లో నీళ్లు పోయకండి, వెంటనే కడగకండి. గాలి ఆడే అట్టపెట్టెలో, వెచ్చగా, చీకట్లో ఉంచి వైద్యుడికి అప్పగించండి. ఒకటి రెండు రోజులు కోలుకున్నాకే కడగడం.

చచ్చిన పక్షుల్ని పడి ఉన్నచోటే వదలొద్దు. 2019లో రాజస్థాన్ సాంభర్ సరస్సులో బోటులిజంతో, అంటే ఒక బ్యాక్టీరియా విషంతో, వేల పక్షులు పోయాయి. కళేబరాల్లోని పురుగుల్లో ఆ విషం చేరి, వాటిని తిన్న పక్షులూ చస్తాయి. చమురు అంటనివి గుంపుగా చస్తే బర్డ్ ఫ్లూ కూడా అనుమానించాలి. ఉత్తచేత్తో ముట్టకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పండి. వాళ్లు తీసే నమూనాను మంచులో పెట్టాలి గానీ గడ్డకట్టించకూడదు.

వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది, పని ఆపమనే అధికారం ఎవరిదన్నది. ఆక్సిజన్ ఎంతకు తగ్గితే, చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే, గూళ్లకు ఎంత దగ్గరికి యంత్రం వస్తే ఆపాలో కాగితం మీద రాసి కాంట్రాక్టరు చేత సంతకం పెట్టించుకోండి. యంత్రం నడిపేవాడి నంబరు గమనించేవారి దగ్గర ఉండాలి. ఇంజనీరు ద్వారా కబురు వెళ్లేసరికి ఆలస్యమవుతుంది.