ఇంటూ అంటే గుణకారమేనా? ఇంగ్లీషులో హెచ్చవేత చెప్పే పద్ధతి

చిత్తూరు మామిడి పల్ప్ విదేశాలకు పంపేటప్పుడు ఫోన్లో లెక్క చెబుతున్నారనుకోండి. 4 పెట్టెలు, పెట్టెకు 20 కిలోలు. "ఫోర్ ఇంటూ ట్వెంటీ" అంటాం, మనకది 80. ఇంగ్లండులోనో అమెరికాలోనో చదువుకున్నవాళ్ళకు అదే మాట భాగహారం: 20లో 4 ఎన్నిసార్లు పోతుంది? 5. అందుకే బయటివాళ్ళతో "ఇంటూ" వాడకండి. "ఫోర్ టైమ్స్ ట్వెంటీ ఈజ్ ఎయిటీ" అనండి. సరుకు లెక్కయితే మొత్తం కూడా పలకాలి. 215 కిలోల డ్రమ్ములు 80 ఉంటే "ఎయిటీ డ్రమ్స్, టూ ఫిఫ్టీన్ కిలోస్ ఈచ్", ఆ వెంటనే "సెవెంటీన్ థౌజండ్ టూ హండ్రెడ్ కిలోస్". పొరపాటుంటే అక్కడికక్కడే బయటపడుతుంది.

"మల్టిప్లై" వాడితే పక్కన "బై" రావాలి: "మల్టిప్లై ట్వెంటీ బై ఫోర్". తెలుగులో నాలుగు"తో" గుణిస్తాం కాబట్టి మన నోట "విత్" వచ్చేస్తుంది, అది తప్పు. "మల్టిప్లైడ్" తీసేసి ఉత్త "ట్వెంటీ బై ఫోర్" అంటే మనవాళ్ళు భాగహారం అనుకుంటారు. ఇంటి స్థలానికి "థర్టీ బై ఫార్టీ" అన్నప్పుడు మాత్రం అవి కొలతలు.

పిల్లలు ఎక్కాల్లో "టూ త్రీ జా సిక్స్" అంటారు కదా, ఆ "జా" అనే మాటే లేదు. అసలు వాక్యం "టూ త్రీస్ ఆర్ సిక్స్". "త్రీస్" చివరి జ-ధ్వని, "ఆర్" కలిసి అలా అయింది. మన "రెండు మూళ్ళు ఆరు" కూడా సరిగ్గా ఇదే కట్టు. పిల్లలకు ఈ రెండూ పక్కపక్కన చెప్పండి, చప్పున పట్టుకుంటారు.

పురుగులు, సూక్ష్మజీవులు, సమస్యలు పెరిగిపోయినా "మల్టిప్లై" అనే అంటారు. అప్పుడు కర్మ అక్కర్లేదు, "బై" కూడా అక్కర్లేదు: "ఫ్రూట్ ఫ్లైస్ మల్టిప్లై ఫాస్ట్". మామిడి అంట్లు కట్టి మొక్కలు పెంచడానికి మాత్రం "ప్రాపగేట్" బాగా అతుకుతుంది.

ఎక్కువమంది తడబడేది "త్రీ టైమ్స్ మోర్" దగ్గర. 100 కిలోలకు అది 300 అని కొందరు, 400 అని కొందరు లెక్కేస్తారు. 300 అని చెప్పాలంటే "త్రీ టైమ్స్ యాజ్ మచ్" అనండి. తెలుగులోనూ అంతే: "మూడు రెట్లు" అంటే 300. "మూడు రెట్లు ఎక్కువ" అంటే మళ్ళీ అదే తగాదా.