స్వతంత్ర వృత్తి నిపుణులకు జీఎస్టీ నమోదు: దరఖాస్తు ఆగిపోయేది చిరునామా రుజువు దగ్గరే

ఉద్యోగం మాని సొంతంగా పనులు ఒప్పుకొని చేసే డిజైనర్లు, అనువాదకులు, సాఫ్ట్‌వేర్ నిపుణులు అందరికీ మొదటి రోజే జీఎస్టీ నంబరు ఉండాలన్న ప్రచారం నిజం కాదు. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ సేవలు అందించేవారికి ఆర్థిక సంవత్సరంలో మొత్తం రాబడి 20 లక్షల రూపాయలు దాటితేనే సాధారణంగా నమోదు తప్పనిసరి అవుతుంది; దాటిన 30 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. బెంగళూరు, ముంబయి కంపెనీలకు బిల్లు వేస్తే రాబడితో పనిలేకుండా నమోదు కావాలని చెప్పేవారు ఇంకా ఉన్నారు గానీ, సేవల విషయంలో ఆ నిబంధనను 2017 అక్టోబరులోనే సడలించారు. పని ఇచ్చే కంపెనీ నంబరు అడిగితే పరిమితి దాటకపోయినా స్వచ్ఛందంగా తీసుకోవచ్చు. అయితే తీసుకున్నాక మొదటి బిల్లు నుంచే పన్ను వసూలు చేసి కట్టాలి, రిటర్నులు (బిల్లులు, పన్ను లెక్కలు చూపే పత్రాలు) దాఖలు చేయాలి.

దరఖాస్తుకు ప్రభుత్వ రుసుము లేదు. జీఎస్టీ పోర్టల్‌లో పాన్, మొబైల్ నంబరు, ఈమెయిల్ ఇచ్చి ఓటీపీలు నమోదు చేస్తే తాత్కాలిక సంఖ్య వస్తుంది. 15 రోజుల్లోగా మిగతా వివరాలు పూర్తిచేయాలి. ఆ మొబైలూ ఈమెయిలూ మీవే అయి ఉండాలి. మధ్యవర్తి తన నంబరు ఇచ్చుకుంటే, రేపు శాఖ పంపే నోటీసులన్నీ అతనికే వెళతాయి, మీకు తెలిసే దారి ఉండదు.

ఎక్కువ దరఖాస్తులు వెనక్కి వచ్చేది వ్యాపార స్థలం రుజువు దగ్గర. ఇంటి నుంచే పనిచేసుకోవచ్చు, వేరే ఆఫీసు అక్కర్లేదు. సొంత ఇల్లయితే కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు వంటి వాటిలో ఏదో ఒక్కటి చాలు. ఇల్లు తండ్రి పేరునో భార్య పేరునో ఉంటే, తెల్ల కాగితంపై వారు రాసి సంతకం చేసిన సమ్మతి పత్రం, వారి గుర్తింపు కార్డు, వారి పేరున్న ఒక యాజమాన్య పత్రం జతచేయాలి. కరెంటు బిల్లు ఇంకా చనిపోయిన తాతగారి పేరునే వస్తున్న ఇళ్లు మన దగ్గర కొల్లలు. అలాంటి బిల్లుకు సమ్మతి సంతకం చేసేవారు ఉండరు కాబట్టి, ప్రస్తుత యజమాని పేరు మీదున్న పన్ను రసీదును జతచేయడం, అదీ లేకపోతే ముందు పేరు మార్పిడి చేయించుకోవడం మేలు. అద్దె ఇల్లయితే ఒప్పంద పత్రంతో పాటు యజమాని పేరున్న బిల్లో, పన్ను రసీదో కావాలి. ఒప్పందం రిజిస్టరు కానిదైతే యజమాని గుర్తింపు పత్రం కూడా కావాలి. కరెంటు కనెక్షన్ మీ పేరునే ఉంటే, ఆ బిల్లూ ఒప్పందమూ సరిపోతాయి. డోర్ నంబరు దరఖాస్తులోనూ ఈ పత్రాల్లోనూ ఒకేలా ఉందో లేదో సరిచూసుకోవాలి. పాత నంబరు ఒకచోట, కొత్త నంబరు మరోచోట ఉంటే ప్రశ్న వస్తుంది.

2025 ఏప్రిల్ 17న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఇచ్చిన ఆదేశం ప్రకారం, దరఖాస్తుకు నిర్దేశించిన జాబితాలో లేని పత్రాలనూ, ఊహ మీద ఆధారపడిన వివరణలనూ అధికారులు అడగకూడదు. ఇది తెలియకనే చాలామంది “లోపల మాట్లాడతాం” అనేవారికి డబ్బు ఇస్తున్నారు.

ఆధార్ ధ్రువీకరణలో కొందరిని వేలిముద్రల కోసం జీఎస్టీ సువిధా కేంద్రానికి రమ్మంటారు. అప్‌లోడ్ చేసిన పత్రాల అసలు ప్రతులు తీసుకెళ్లాలి. అంతా సక్రమంగా ఉంటే 7 పనిదినాల్లో, స్థల తనిఖీ అవసరమైతే 30 రోజుల్లో నిర్ణయం వెలువడాలి. అధికారికి సందేహముంటే వివరణ కోరుతూ ఆర్‌ఈజీ-03 అనే నోటీసు వస్తుంది. ఇది తిరస్కరణ కాదు, కంగారు పడనక్కర్లేదు. 7 పనిదినాల్లోగా అడిగిన దానికి మాత్రమే, పత్రం జతచేసి సూటిగా సమాధానం ఇవ్వాలి. ఈ గడువు దాటిపోతే దరఖాస్తును తిరస్కరించవచ్చు.

నంబరు వచ్చాక 30 రోజుల్లోగా బ్యాంకు ఖాతా వివరాలు చేర్చాలి. ఒక్క బిల్లూ వేయని కాలానికి సైతం శూన్య రిటర్ను దాఖలు చేయాల్సిందే. మానేస్తే ఆలస్య రుసుము రోజు లెక్కన పెరుగుతుంది.